లిస్బన్ సందుల్లో ఇద్దరం

మలక్కాలో సముద్రానికి కాస్త ఇవతల ఒక పాత రాతి గుమ్మం ఉంది. కోటంతా పోయి గుమ్మం ఒక్కటే మిగిలింది. మా తెలుగు సంఘం ఆదివారం తరగతి వాళ్ళం బస్సు మాట్లాడుకుని అక్కడికి వెళ్ళినప్పుడు, దాని పక్కనున్న బోర్డును నేను మొదటి నుంచి చివరి దాకా సొంతంగా చదువుకున్నాను. అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. ముందు తెలుగు, ఆ తర్వాత మలాయ్ రాసే ఏబీసీలు. నేను ఆ ఒక్క బోర్డూ ముగించేలోగా మిగతావాళ్ళు పక్క వీధికి పోయి కొబ్బరిపాల ఐసు సెండోల్ తాగి వచ్చారు. పోర్చుగల్ నుంచి ఓడల్లో వచ్చినవాళ్ళు ఆ కోట కట్టారని అందులో రాసి ఉంది.

"అంత దూరం నుంచి ఒచ్చినారా? ఆళ్ళ ఊరేటి, మాస్టారూ?" అని అడిగాను.

"లిస్బన్ అమ్మా," అన్నారాయన.

"ఆళ్ళు మన ఊరొచ్చి కోట కట్టీసినారు. మనం ఆళ్ళ ఊరు ఒకపాలి సూసి రావాలి కదా, ఒదినా," అంది నా స్నేహితురాలు రాములమ్మ. అందరూ నవ్వారు. మేమిద్దరం మాత్రం నవ్వి ఊరుకోలేదు.

నేను పుట్టింది బటాంగ్ బెర్జుంటై రబ్బరు తోటలో. పెళ్ళయ్యాక కూడా అక్కడే చెట్లు గీసి పాలు తీశాను. రబ్బరు కొట్టేసి పామాయిలు వేశాక కౌలాలంపూర్ వచ్చి, బ్రిక్‌ఫీల్డ్స్‌లో పూలకొట్లో దండలు కడుతూ ఇరవై ఏళ్ళు గడిపాను. మా ఆయన పోయి చాలా కాలమైంది. ఇప్పుడు మా అమ్మాయి మంగ దగ్గర ఉంటున్నాను. దండల మీద దాచుకున్న డబ్బు నాకు ఉంది కాబట్టి ఖర్చు గురించి ఎవరినీ అడగనక్కర్లేకపోయింది.

టికెట్లు కొన్నాక రాములమ్మ మోకాలికి ఆపరేషన్ పడింది. మంగ నా టికెట్టు కూడా రద్దు చేయించబోయింది.

"అమ్మా, సింగపూరుకే నువ్వు ఒంటరిగా ఎల్లలేదు. యూరప్ ఏటమ్మా? పిచ్చా?"

"బోర్డులు సదువుకుంటాను. నోరుంది, అడుగుతాను."

"ఏ బాసలో అడుగుతావు?"

రెండు రోజులు ఇంట్లో ఇదే వాదన. చివరికి మంగ ఒక షరతు పెట్టింది. రోజూ తను పడుకునేలోగా, అంటే మన రాత్రి పదకొండుకి, నేను ఫోను చెయ్యాలి. అక్కడ అప్పుడు సాయంత్రం నాలుగు. "ఒక్కరోజు తప్పినా నేను ఇమానం ఎక్కీసి ఒచ్చి నిన్ను ఎంటబెట్టుకొచ్చేస్తాను. ఇంక జన్మలో ఒంటరిగా ఎక్కడికీ పంపను, సూడు లా," అంది. మాట చివర మన మలేసియా 'లా' తగిలించినా, మంగ అన్న మాట చేసే మనిషి. సరే అన్నాను.

జూన్ మొదట్లో ఒక సాయంత్రం కేఎల్ సెంట్రల్‌లో ఏడు గంటల రైలెక్కాను. అరగంటలో విమానాశ్రయం. విమానం రాత్రి పదకొండు తర్వాత. ఇస్తాంబుల్‌లో మారాలి. నా పక్క సీటులో క్లాంగ్ నుంచి వచ్చిన మలాయ్ ఆవిడ కూర్చుంది, కొడుకుతో, కోడలితో ఇస్తాంబుల్ చూడబోతోంది. "సోరాంగ్ సాజా?" అని ఆశ్చర్యంగా అడిగింది. ఒక్కదానివేనా అని. ఔనంటే కోడలి వైపు తిరిగి, "చూశావా, ఈ అక్క ఒక్కతే వెళుతోంది. నన్ను మీరు బాత్రూముకి కూడా ఒంటరిగా పోనివ్వరు," అంది. ఆ కోడలు దిగేదాకా నా వైపు చూడలేదు.

ఇస్తాంబుల్‌లో తెల్లవారింది. అక్కడ గేట్లు వెతకడం కష్టమని అందరూ భయపెట్టారు కానీ, బోర్డు కింద నిలబడి తాపీగా చదువుకుంటే ఏమీ కష్టం లేదు. కంగారు పడేది వేగంగా చదవగలిగినవాళ్ళే. వాళ్ళు సగం చదివి పరిగెడతారు.

లిస్బన్‌లో దిగేసరికి పొద్దున్న పదిన్నర. వెళ్ళదలచినవాళ్ళ కోసం చెబుతున్నాను, టాక్సీ అక్కర్లేదు. విమానాశ్రయం నుంచే మెట్రో ఉంది. ఎర్ర లైను ఎక్కి చివరి స్టేషన్ దాకా వెళ్ళాలి. అక్కడ నీలం లైను ఎక్కి మళ్ళీ చివరి స్టేషన్ దాకా వెళ్ళాలి. రెండూ చివరలే కాబట్టి ఎక్కడ దిగాలో అన్న బెంగ లేదు. టికెట్టు కార్డు మెషీన్‌లో కొనాలి. నా వెనక నిలబడ్డ కుర్రాడు సాయం చేయబోతే వద్దన్నాను. నా వెనక వరస పెరిగింది. అయినా నేనే కొన్నాను.

నా గది ఆల్ఫామాలో. అది ఊళ్ళో అన్నిటికన్నా పాత పేట, కొండవాలు మీద ఉంటుంది. రోడ్లు అనడానికి వీల్లేదు, అన్నీ మెట్లూ సందులూ. చేతులు చాపితే రెండు గోడలూ తగిలే సందులున్నాయి. పై అంతస్తుల కిటికీల నుంచి బట్టలు ఆరేసి ఉంటాయి, మనం వాటి కింద నడుస్తాం. ఏదో పండుగ దగ్గరపడిందని ఇంటింటికీ రంగు కాగితాల తోరణాలు కట్టారు. గది ఇచ్చిన పిల్ల ఇనేస్, మంగ వయసే ఉంటుంది. ఇంగ్లీషు కొద్దిగా ఆమెకు వచ్చు, కొద్దిగా నాకు వచ్చు. ఆ రెండు కొద్దుల్తో సరిపెట్టుకున్నాం. చిరునామా ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చి, "సంచీలో పెట్టుకోండి," అంది. గది చిన్నది, శుభ్రంగా ఉంది, కిటికీలోంచి నది ఒక ముక్క కనిపిస్తుంది. నాలుగింటికి మంగకు ఫోను చేసి ఆ ముక్క చూపించాను.

రెండో రోజు కోట ఎక్కాను. మలక్కాలో గుమ్మమే మిగిల్చారు కానీ వీళ్ళ ఊళ్ళో గోడలన్నీ నిలబడే ఉన్నాయి. లోపల నెమళ్ళు తిరుగుతున్నాయి. దిగి వస్తుంటే ఒక బామ్మ చిన్న చిన్న కుండీల్లో మొక్కలు అమ్ముతోంది. చూడబోతే మన తులసికి చెల్లెలు. ప్రతి కుండీలో ఒక కాగితం పువ్వు గుచ్చి ఉంది. నేను వంగి వాసన చూడబోయాను. ఆవిడ "ఆఆ!" అని అరిచి నా నుదుటి మీద చెయ్యి అడ్డుపెట్టింది. తర్వాత తన అరచేతిని మొక్క మీద మెల్లగా ఆడించి, ఆ చేతిని నా ముక్కు దగ్గర పెట్టింది. నేరుగా ముక్కు పెట్టి వాసన చూస్తే ఆ మొక్క వాడిపోతుందని వాళ్ళ నమ్మకమట, ఇనేస్ తర్వాత చెప్పింది. ఇరవై ఏళ్ళు పూలకొట్లో కూర్చుని, దేవుడికి పోయే దండని వాసన చూడకండమ్మా అని ఎంతమందిని కసిరి ఉంటానో. ఇక్కడికొచ్చి నేనే తిట్లు తిన్నాను. ఒక కుండీ కొనుక్కున్నాను.

మధ్యాహ్నం ఒక చిన్న హోటల్లో కూర్చోగానే అడక్కుండానే రొట్టె, ఆలివ్ కాయలు, చీజు తెచ్చి పెట్టారు. పక్క బల్ల మీది ఇంగ్లీషు వాళ్ళు ఉచితం అనుకుని తినేశారు, బిల్లు చూసి గొడవపడ్డారు. మన చైనా హోటళ్ళలో బల్ల మీద పెట్టే వేరుశనక్కాయలకీ తడి టిష్యూకీ కూడా బిల్లు వేస్తారు కదా. ఆ చదువు నాకు ముందే ఉంది. పక్కకి జరిపాను. రొయ్యలూ పీతలూ వేసి జారుగా వండిన అన్నం తెప్పించుకున్నాను. కారం లేని పులుసన్నం లాగుంది. సంచీలోంచి ఊరగాయ సీసా తీశాను. వడ్డించే ఆయన వేలితో కొంచెం తీసి నాకి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ లోపలికి పోయి వంటాయనని కూడా పిలుచుకొచ్చాడు.

మూడో రోజు పొద్దున్న తొమ్మిదికి బెలేం అనే చోటికి ట్రామెక్కాను. పాత ఓడలు బయలుదేరిన రేవు అది. నది ఒడ్డున నేల మీద రంగురాళ్ళతో పెద్ద ప్రపంచ పటం పరిచి ఉంది. వాళ్ళ ఓడలు ఎక్కడెక్కడికి వెళ్ళాయో అన్నీ అక్షరాల్లో ఉన్నాయి. జనం పటం మీద నడుస్తున్నారు. నేను తల వంచుకుని చదువుతూ నడిచాను. ఆఫ్రికా దాటాను, ఇండియా దాటాను. అక్కడ ఉంది, మలాకా. రెండు పాదాలూ దాని పక్కన పెట్టి నిలబడ్డాను. దారిన పోయేవాళ్ళందరి చేతా ఫొటోలు తీయించుకున్నాను. రాములమ్మకి వీడియో కాల్ చేసి పటమంతా తిప్పి చూపించాను.

"ఒదినా, మన బెర్జుంటై లేదేటే అందులో?" అంది మంచం మీద నుంచి.

"మన దగ్గిర పుచ్చుకోడానికేటున్నాదే, రబ్బరు ఇంకా పుట్టనేదు!"

ఇలా గంటసేపు మాట్లాడుకున్నాం. వేడిగా గుడ్డు మీగడ బిళ్ళలు రెండు తిని, ట్రాములో తిరిగి వస్తూ టైము చూద్దామని ఫోను తీస్తే, అది చచ్చిపోయి ఉంది. చార్జింగ్ డబ్బా బరువని గదిలో వదిలేశాను. అప్పటికింకా మధ్యాహ్నం రెండున్నర ప్రాంతం. గదికి పోయి పెట్టుకుంటే సరిపోతుందిలే అనుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అక్షరాలు రాకముందు అరవై ఏళ్ళు నేను గుర్తులతో తిరిగాను. తోటలో అన్ని చెట్లూ ఒకేలా ఉంటాయి. నాకిచ్చిన వరస ఎక్కడ మొదలవుతుందో పుట్టనో వంకర కొమ్మనో గుర్తు పెట్టుకుని చీకట్లో కూడా పోయేదాన్ని. ఊళ్ళోకి వచ్చాక పచ్చ తలుపు కొట్టు, మూల మీద ఎర్ర బోర్డు. చదువొచ్చినా కాళ్ళకి పాత అలవాటు పోలేదు. ఆల్ఫామాలో నా సందు మొదట్లో రెండో అంతస్తు కిటికీకి పసుపు రంగు దుప్పటి, మీద పెద్ద పెద్ద ఎర్ర గులాబీలు. రెండు రోజులూ అదే నా గుర్తు. సందు పేరు గోడ మీద పలకలో ఉంది. చదివే ఉంటాను కానీ బుర్రలోకి తీసుకోలేదు.

ఆ రోజు ఎండ బాగా కాసింది. దుప్పటి ఆరిపోయింది. ఆరిన దుప్పటిని ఎవరైనా తీసేస్తారు కదా! అంత పిచ్చిదాన్ని, ఆ దుప్పటి ఎప్పటికీ అక్కడే ఉంటుందని అనుకున్నాను.

మెట్లు ఎక్కాను, దిగాను. పసుపు దుప్పటి లేదు. తెల్లవి ఉన్నాయి, పిల్లల గౌనులున్నాయి, ఒకచోట ఎవరివో పొడుగు చెడ్డీలున్నాయి. ఎటు తిరిగినా నీళ్ళ కుళాయి ఉన్న ఒకే చిన్న చప్టాకి వచ్చి పడుతున్నాను. చర్చి గంట మూడు కొట్టింది. అప్పుడు కాగితం గుర్తొచ్చి తీశాను. బెకో దో కర్నేరు. బెకో అంటే సందు. ఇంక ప్రతి మూలా ఆగి గోడ పలకలు చదవడం మొదలుపెట్టాను. ఎన్ని బెకోలున్నాయో ఆ కొండ మీద! నాది తప్ప అన్నీ చదివాను. దారిన పోయేవాళ్ళందరూ నాలాగే యాత్రకొచ్చినవాళ్ళు. అడిగితే ఫోన్లు తీసి, వాటిని అటూ ఇటూ తిప్పి, వాళ్ళే అయోమయంలో పడ్డారు. గంట మూడున్నర కొట్టింది. బ్రిక్‌ఫీల్డ్స్‌లో మంగ పక్క వేసుకుని ఫోను చేతిలో పట్టుకుని ఉంటుంది. నాలుగు దాటితే నా యాత్ర ఇక్కడితో ఆఖరు, బహుశా అన్ని యాత్రలూ.

ఒక గుమ్మం ముందు చిన్న పీట వేసుకుని ఒక ముసలావిడ కూర్చుని ఉంది. నా కన్నా ఓ పదేళ్ళు పెద్ద. నల్ల గౌను, పైన గళ్ళ ఏప్రన్. పొయ్యిలో బొగ్గులు సర్దుకుంటోంది, పక్కన పళ్ళెంలో ఉప్పు చల్లిన చేపలు. కాగితం ఇచ్చాను. దూరంగా పట్టుకుంది, దగ్గరగా పట్టుకుంది. తర్వాత కళ్ళ చుట్టూ వేళ్ళతో సున్నాలు చుట్టి చూపించి, ఇంటి లోపలికి చెయ్యి ఊపింది. కళ్ళద్దాలు లోపలున్నాయట.

కళ్ళద్దాలు ఆవిడ నెత్తి మీదే ఉన్నాయి.

క్లినిక్కులో, బ్యాంకులో, బస్టాండులో కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోయానని నేనూ ఎన్నేళ్ళన్నానో. అప్పట్లో నాకు కళ్ళద్దాలే లేవు. నవ్వొచ్చింది. అద్దాల వైపు చూడకుండా కాగితం వెనక్కి తీసుకున్నాను. నా కళ్ళద్దాలు సర్దుకుని, బడిలో నిలబెట్టినట్టు గట్టిగా చదివాను: "బెకో... దో... కర్నేరు."

"ఆ! కర్నేరు!" అంది. రెండు చూపుడువేళ్ళూ నెత్తి మీద కొమ్ముల్లా పెట్టి "మే... మే..." అని అరిచింది. పొట్టేలు సందు! నేనూ కొమ్ములు పెట్టి "మే" అన్నాను. ఎదురింటి కిటికీలో ఒకాయన తల బయటపెట్టి మమ్మల్ని చూసి మళ్ళీ లోపలికి లాక్కున్నాడు.

చేపల మీద పళ్ళెం బోర్లించి, నా మోచెయ్యి పట్టుకుని బయలుదేరింది. తన గుండె మీద తట్టుకుని "లుర్దెస్" అంది. నేను నా గుండె మీద తట్టుకుని "సూరమ్మ" అన్నాను. ఆవిడకి రెండు మోకాళ్ళూ లేవనే చెప్పాలి. ఒక్కో మెట్టుకీ ఆగుతుంది. ఆగినప్పుడల్లా ఎవరో ఒకరు గుమ్మంలోకి వస్తారు, వాళ్ళకి నా కథంతా మొదటినుంచి చెబుతుంది, కొమ్ములు పెట్టి చూపిస్తుంది, వాళ్ళు నవ్వుతారు, నా రెండు బుగ్గల మీదా ముద్దులు పెడతారు. నేను చేతికి లేని వాచీ చూపిస్తూ "ఫోర్, ఫోర్" అంటున్నాను. ఆవిడ సరే సరే అని తలూపి ఇంకో గుమ్మం దగ్గర ఆగుతోంది. గంట నాలుగు కొట్టింది. గట్టిగా, ఒక్కొక్కటే.

ఇంకో మలుపు తిరిగితే పొట్టేలు సందు. ఇంత దగ్గరలోనే తిరిగాను! ఇనేస్ తలుపు తీసింది. ఫోను చార్జింగుకి పెట్టి, అది వెలిగేదాకా ముగ్గురం దాని చుట్టూ పొయ్యి మీద పాలు చూసినట్టు నిలబడ్డాం. వెలగగానే మోగింది.

"అమ్మా! ఎక్కడున్నావు? ఫోను తియ్యవేటి? నాలుగున్నరయిపోనాది అక్కడ!"

చార్జింగ్ అయిపోయిందని చెప్పి ఊరుకుంటే అబద్ధం కాదు. కానీ ఆ పొద్దు నాకలా చెప్పబుద్ధి కాలేదు. "తప్పిపోనానే," అన్నాను. "మళ్ళీ దొరికీసినాను."

"రేపటి ఇమానం సూస్తన్నాను. నువ్వు గదిలోంచి కదలకు."

"మంగా, నా మాట ఇనే..."

"ఏటీ ఇననమ్మా! సెప్పినానా నేదా?"

లుర్దెస్‌కి మాటలు తెలియకపోయినా గొంతు తెలిసింది. నా చేతిలోంచి ఫోను లాక్కుని, తెరలో మంగ మొహాన్ని చూసి, వాళ్ళ భాషలో మొదలుపెట్టింది. చెయ్యి ఊపింది, నన్ను చూపించింది, గుండె తట్టుకుంది, పొట్టేలు అరుపు కూడా అరిచింది. ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగితే, మంగ చిన్నగా అడిగింది.

"అమ్మా... ఎవులే ఆవిడ?"

"దారి సూపించినాది. నేను సదివినాను, తను తీసుకొచ్చినాది. పొద్దుగూకి సేపలు కాల్చి పెడతాదంట. నువ్వొస్తే నువ్వూ తిను, నేకపోతే పడుకో."

"నిన్ను కొడతన్నాదేటో అనుకున్నాను," అని మంగ చివరికి నవ్వింది. "సరే లా. పడుకుంటాను. రేపు నాలుగింటికి మటుకు..."

"సెప్తాను, సెప్తాను."

ఆ సాయంత్రం లుర్దెస్ గుమ్మం ముందు కాల్చిన చేపలు తిన్నాం. రొట్టె ముక్క మీద చేప పెట్టి, చేత్తోనే తింటారు. అడుగు రొట్టెకి నూనె పట్టాక దాన్ని ఆఖర్న తింటారు. చెంచాతో తంటాలు పడనక్కర్లేని ఊరని అప్పుడు నాకు పూర్తిగా నచ్చింది. ఊరగాయకి ఆవిడ కళ్ళు చెమర్చలేదు, ఇంకొంచెం వెయ్యమంది.

ఆఖరి రోజు పొద్దున్న సంచీ సర్దుకుని సెలవు చెప్పడానికి వెళ్ళాను. లుర్దెస్ నన్ను ఇంకో సందులోకి లాక్కెళ్ళింది. అక్కడ గోడ మీద ఆ పేటలో పుట్టి పెరిగిన ముసలివాళ్ళ ఫొటోలు వరసగా పెట్టి ఉన్నాయి. అందులో ఒకటి తనది, అదే పీట మీద. ఫొటో కింద అక్షరాలు. వాటి మీద వేలు పెట్టి నా వైపు చూసింది. చదివాను: "మరియా దె లుర్దెస్." నా పలుకు తప్పని దిద్దింది. మళ్ళీ చదివాను. మళ్ళీ దిద్దింది. సరిగ్గా వచ్చేదాకా వదల్లేదు. వచ్చాక ఆ వేలిని తనే అక్షరాల కింద మొదటి నుంచి చివరికి మెల్లగా జరిపింది, ఈసారి నోట్లో పలుకుతూ.

నీలం లైను చివర నుంచి ఎర్ర లైను చివరికి. మధ్యాహ్నం విమానం. ఇస్తాంబుల్‌లో మారి, మర్నాడు సాయంత్రానికి మన నేల మీద దిగాను. మంగ ఎదురొచ్చింది. రైలెక్కి కూర్చున్నాం. కిటికీ బయట పామాయిలు తోటలు వరసలు వరసలుగా వెనక్కి పోతున్నాయి. మంగ నన్ను కాసేపు ఎగాదిగా చూసి, చిక్కిపోయానంది. నిజానికి రెండు కిలోలు పెరిగాను.

"వచ్చే ఏడు నేను సెలవు పెడతానమ్మా," అంది. "ఇద్దరం కలిసి ఎల్దాం. అప్పుడు నాకూ బయం ఉండదు."

మంచి మాటే. ఎవరైనా సంతోషిస్తారు. కానీ నాకు ఆ మెట్లూ, ప్రతి గుమ్మం దగ్గరా ఆగడం, బుగ్గల మీద ముద్దులూ గుర్తొచ్చాయి.

"నువ్వు పక్కనుంటే నేను దారి ఎవులినే అడుగుతాను?" అన్నాను. "మనలో మనం మాటాడుకుంటూ తిరిగొచ్చీస్తాం."

రైలు ఊళ్ళోకి వస్తోంది. మంగ నా సంచీ తీసి తన ఒళ్ళో పెట్టుకుని, బయటికి చూస్తూనే అడిగింది.

"అయితే ఈపాలి ఏ ఊరమ్మా?"